బీర పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

మాధవి_మిద్దెతోట (హైదరాబాద్)
ఆగస్టు 23, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మిద్దె మీద రెండు బీర పాదులు, ఒక సొర పాదు పెట్టాను. పందిరి నిండా అల్లుకున్నాయి, పూత విరగబూస్తోంది. కానీ పిందె వేలెడంత అవగానే కొన వైపు నుంచి పసుపుపచ్చగా మారి, మెత్తబడి, మూడో రోజుకో నాలుగో రోజుకో రాలిపోతోంది. ఇప్పటికి ఇరవై పైనే పోయాయి. పొద్దున్నే కింద పడ్డ పిందెలు ఏరుతుంటే ఏడుపొస్తోంది. పశువుల ఎరువు, వేపపిండి, జీవామృతం అన్నీ ఇచ్చాను. విత్తనాలు అమ్మిన అతన్ని అడిగితే ఏదో టానిక్ సీసా ఇచ్చాడు. రెండుసార్లు కొట్టినా మార్పు లేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

శ్రీను_కుండీలు (విజయవాడ)
ఆగస్టు 23, ఉదయం 8:02

పండు ఈగ అయ్యుండొచ్చు మేడమ్. అది పిందెలో గుడ్లు పెట్టినా ఇలాగే పసుపు తిరుగుతుంది. ఒక పిందెని నిలువుగా కోసి చూడండి. లోపల తెల్ల పురుగు కనిపిస్తే ఎర బుట్ట పెట్టుకోవాలి.

మాధవి_మిద్దెతోట
ఆగస్టు 23, ఉదయం 8:40

నాలుగు పిందెలు కోసి చూశానండి. పురుగు లేదు. గింజలు కూడా లేవు, గింజ ఉండాల్సిన చోట తెల్లటి పొల్లు మాత్రమే ఉంది.

బోటనీ_మాస్టారు (విజయనగరం)
ఆగస్టు 23, ఉదయం 10:15

అమ్మా, మీరు చివర్లో రాసిన ముక్కలోనే జవాబు ఉంది. మూడు సంగతులు చెప్పండి. బీర పువ్వు మీ మిద్దె మీద ఏ వేళకి విచ్చుకుంటోంది? ఆ వేళకి అక్కడ లైటు వెలుగుతుందా? ఈ రెండు నెలల్లో మీ మొక్కల మీద పురుగులు ఏమైనా ఏరి చంపారా?

మాధవి_మిద్దెతోట
ఆగస్టు 23, మధ్యాహ్నం 1:30

పువ్వు సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య విచ్చుకుంటోంది మాస్టారూ. తెల్లారేసరికి వాడిపోతోంది. మిద్దె మీద పెద్ద ఫ్లడ్ లైటు ఉంది, పది దాకా వెలుగుతుంది. పురుగులంటే, నందివర్ధనం మొక్క మీద బొటనవేలంత లావు ఆకుపచ్చ పురుగులు నాలుగు కనిపించాయి. తల వెనక నీలం కళ్లలాంటి రెండు మచ్చలు, తోక మీద చిన్న కొమ్ము. చూసి భయపడి కిరోసిన్ డబ్బాలో వేశాను. వాటికీ బీరకాయకీ ఏం సంబంధం?

బోటనీ_మాస్టారు
ఆగస్టు 23, సాయంత్రం 4:45

సంబంధం ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

బీర, సొర, పొట్ల, కాకర, గుమ్మడి వీటన్నిటికీ మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. బీర మగ పూలు గుత్తిగా వస్తాయి. ఆడ పువ్వు ఒంటిగా వస్తుంది, దాని కిందే చిన్న పిందె ఉంటుంది. మీరు చూసి మురిసిపోయిన పిందె అదే. అది ఇంకా కాయ కాదు, కాయ కావడానికి ఎదురుచూస్తున్న అండాశయం. మగ పువ్వులోని పుప్పొడి వచ్చి ఆడ పువ్వు మధ్యలోని జిగురు కొన మీద పడితేనే లోపల గింజ కట్టడం మొదలవుతుంది. ఆ గింజల నుంచే పిందెకి పెరగమని కబురు అందుతుంది. కబురు రాని పిందెని తీగ ఎక్కువ రోజులు మొయ్యదు, వదిలేస్తుంది. ఒక్కో గింజకి ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. పది రేణువులే పడితే కాయ వంకర పోతుంది, ఒక కొన లావు, ఒక కొన సన్నం.

ఇక వేళ సంగతి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది, దానికి తేనెటీగ చాలు. కాకర కూడా పొద్దుటి పువ్వే. బీర, సొర, పొట్ల మాత్రం పొద్దుగూకే వేళ పూస్తాయి. మా నాయనమ్మ గడియారం చూసేది కాదు, బీర పువ్వు విచ్చుకుంటే పశువుల్ని కట్టేసే వేళయిందనేది. ఆ చీకటి వేళ వచ్చేది ఎవరు? రెక్కల పురుగులు, ఇంగ్లీషులో మాత్‌లంటారు. వాటిలో ముఖ్యంగా పెద్ద ఒళ్లు, సన్నని రెక్కలు ఉండి, పువ్వు మీద వాలకుండా గాల్లో నిలబడి పొడవాటి నాలుక లోపలికి దించి తేనె తాగేవి. చాలామంది వాటిని చూసి పిట్ట అనుకుంటారు.

మీ నందివర్ధనం మీది పచ్చ పురుగు పెరిగితే అలాంటిదే అవుతుంది. గన్నేరు ఆకు కూడా అది తింటుంది. రెక్కలొచ్చాక ముదురు పచ్చ, లేత గులాబీ చారలతో పాలరాయి మీద నీడ పడ్డట్టుంటుంది. మీరు నాలుగింటిని చంపారు, తెలియక చేశారు, బాధపడకండి. లైటు మాత్రం ఈ రాత్రి నుంచే ఆపెయ్యండి. రెక్కల పురుగులు లైటు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోతాయి, పువ్వుల దగ్గరికి రావు.

ఈలోగా మీరే చేత్తో చెయ్యొచ్చు. సాయంత్రం ఆరున్నరకి మగ పువ్వు ఒకటి తుంచి, రేకులు ఒలిచేసి, పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో నెమ్మదిగా అద్దండి. ఒక మగ పువ్వుతో రెండు మూడు ఆడ పూలకి సరిపోతుంది.

నంద్యాల_రైతు
ఆగస్టు 23, రాత్రి 9:20

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం చెప్తా, కొంచెం పెద్దదైతే క్షమించండి.

ఐదేళ్ల కింద మూడెకరాల్లో పొద్దుతిరుగుడు వేశా. పూత నిండుగా ఉన్నప్పుడు పచ్చ పురుగు కనపడింది. మందుల షాపు అతను చెప్పిన మందు తెచ్చి పొద్దున తొమ్మిదింటికి పిచికారీ చేయించా. మధ్యాహ్నం చేలో నడిస్తే కాళ్ల కింద తేనెటీగలు. కొన్ని బతికే ఉన్నాయి, నేల మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్పుడు నాకు అంత పట్టలేదు. కోత కోశాక తెలిసింది. పువ్వు చుట్టూ అంచున గింజ గట్టిగా ఉంది, మధ్యలో జానెడు మేర అంతా తాలే. నోట్లో వేసుకుని కొరికితే ఊక. మిల్లు దగ్గర కాటా వేసేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఎందుకంటే ఆ పువ్వు ఒక పువ్వు కాదు, వందల చిన్న పూల గుంపు. అంచు నుంచి మధ్యకి రోజుకి కొన్ని వరుసల చొప్పున వారం పది రోజులు విచ్చుకుంటాయి. అంచు వరుసలు పూసేటప్పుడు ఈగలు ఉన్నాయి, మధ్య వరుసలు పూసేటప్పటికి నేను చంపేశా. గింజని చూస్తే ఆ తేదీ చెప్పేయొచ్చు.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే: పూత మీద మందు కొట్టను. తప్పదంటే సాయంత్రం ఐదు దాటాక, ఈగలు గూటికి పోయాక. ఎకరాకి రెండు తేనెటీగల పెట్టెలు పెట్టించుకుంటా. పెట్టెలు దొరకని ఏడాది, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపల చేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని పువ్వు మీద నెమ్మదిగా రుద్దుతాం, రోజు విడిచి రోజు. ఇది వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటి నుంచో చెప్తున్నదే. కానీ మూడెకరాలు రుద్దాలంటే కూలి ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఈగ ఆ పని అడక్కుండా చేస్తుంది.

గద్వాల_బిడ్డ
ఆగస్టు 24, ఉదయం 6:05

అన్నా, కూలి సంగతి నేను చెప్తా. మాది సీడ్ పత్తి ఊరు, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పత్తి వేస్తరు. ఈ నెలల మా ఇంట్ల అందరం క్రాసింగ్ పనికే పోతం. తొమ్మిదో తరగతి సెలవుల్లో నేనూ చేసిన, ఇప్పుడు డిగ్రీ అయిపోయింది, ఇంకా గోరు నొప్పి గుర్తుంది.

మధ్యాహ్నం నుంచి పొద్దు మునిగేదాకా రేపు పూసే మొగ్గలు వెతకాలి. బొటనవేలి గోరుతో మొగ్గ చుట్టూ గాటు పెట్టి, రేకులు, మగ కేసరాలు మొత్తం ఒక్క చుట్టుగా ఒలిచెయ్యాలి. లోపలున్న సన్న కాడ విరగొద్దు. విరిగితే ఆ కాయ పోయినట్టే. మరుసటి రోజు పొద్దున మగ చేను నుంచి పూలు తెంపుకొచ్చి, ఒక్కొక్క కాడకి పుప్పొడి రాయాలి. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. వేళ్లు పసుపుపచ్చగా అయితయి, సబ్బుతో కడిగినా పోదు. ఇట్ల రెండు నెలలు.

పత్తి పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటది. గాలికి లేవదు. ఎవరో ఒకరు మోయాల్సిందే. హైబ్రిడ్ విత్తనంల వేరే పుప్పొడి కలవొద్దు కాబట్టి మేం చేత్తో చేస్తం. కానీ ఒక ఎకరాల ఎంతమంది ఆడోళ్లు వంగి పని చేస్తరో చూసిన తర్వాత, మిగతా చేన్లన్నిటికీ తేనెటీగలు, పురుగులు ఊరికే చేసి పెడుతున్నయని తెలిస్తే మనసుకి ఒకలాగ అనిపిస్తది.

కావ్య_డిగ్రీ (గుంటూరు)
ఆగస్టు 24, ఉదయం 11:48

నాకో డౌటు. అందరూ తేనెటీగలు, రాత్రి పురుగులు అంటున్నారు. మరి సీతాకోకచిలుకలు? మాకు స్కూల్లో చార్టు మీద పువ్వు పక్కన ఎప్పుడూ సీతాకోకచిలుకే ఉండేది.

రెక్కల_వెంట (తిరుపతి)
ఆగస్టు 24, మధ్యాహ్నం 3:20

కావ్యా, ఇరవై ఏళ్లుగా వాటి వెంటే తిరుగుతున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఒక్కో పువ్వు దగ్గర లెక్కేస్తే తేనెటీగ మోసినంత పుప్పొడి సీతాకోకచిలుక మొయ్యదు. తేనెటీగ ఒంటి నిండా నూగు, పుప్పొడి పిల్లలకి తిండి, కాబట్టి మూట కట్టుకుని పోతుంది. సీతాకోకచిలుక తేనె కోసమే వస్తుంది, పొడవాటి కాళ్ల మీద నిలబడి నాలుక దించుతుంది. పుప్పొడి నాలుకకీ, కాళ్లకీ, రెక్కల అంచుకీ అంటినంతే.

అయినా కొన్ని పూలు దానికోసమే పుట్టినట్టుంటాయి. నూరువరహాలు చెట్టు దగ్గర కాసేపు నిలబడి చూడు. పువ్వు గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తేనె అడుగున ఉంటుంది. తేనెటీగ వచ్చి కొంచెం తచ్చాడి పోతుంది, నాలుక అందదు. సీతాకోకచిలుక నాలుక చుట్ట విప్పి సూదిలా దించుతుంది. పైగా తేనెటీగకి ఎరుపు సరిగ్గా కనిపించదు, చాలా సీతాకోకచిలుకలకి కనిపిస్తుంది. ఇంకో సంగతి దూరం. తేనెటీగ తన పట్టు చుట్టూ తిరిగి ఇంటికి చేరాలి. సీతాకోకచిలుకకి ఇల్లు లేదు. ఒక గుట్ట మీది పువ్వు పుప్పొడిని ఇంకో గుట్ట దాకా మోసుకెళ్లగలదు. అడవి పూలకి అది చాలా అవసరం, దూరపు మొక్కతో కలిస్తేనే విత్తనంలో బలం ఉంటుంది.

మీ ఇంటి దగ్గర రాధామనోహరం తీగ ఉంటే ఒక చిన్న పని చెయ్యి. సాయంత్రం విచ్చుకున్న తెల్ల పువ్వుకి దారం కట్టు. మర్నాడు అది గులాబీ రంగుకి వస్తుంది, ఆ తర్వాత ఎరుపు. తెల్లగా ఉన్న రాత్రి గొట్టం పొడవునా నాలుక దించే పెద్ద రెక్కల పురుగులు వస్తాయి. రంగు తిరిగాక పగటి పూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాలతాయి. ఒకే గుత్తిలో మూడు రంగులూ పక్కపక్కన ఉంటాయి.

నిమ్మతోట_గూడూరు
ఆగస్టు 24, సాయంత్రం 7:15

వినడానికి బాగుందండి, కానీ నా నిమ్మ నర్సరీకి వచ్చి చూడండి. నలుపు, పసుపు మచ్చల సీతాకోకచిలుక వచ్చి లేత చిగురు మీద గుడ్డు పెట్టి పోతుంది. వారం తిరిగేసరికి మొక్కకి ఈనెలు తప్ప ఆకు మిగలదు. రెండు వందల మొక్కలు మోడు చేసింది నిరుడు. పురుగుని కాపాడమని చెప్పేవాళ్లకి నష్టం ఉండదు, మాకుంటుంది. మందు కొట్టకుండా ఎలా?

రెక్కల_వెంట
ఆగస్టు 24, రాత్రి 8:50

అన్నా, మీ మాట కాదనలేను. ఆ పురుగు నర్సరీ మొక్కకి నిజంగా శత్రువే. చిన్న మొక్కకి ఉండేదే పదిహేను ఆకులు, అవి పోతే ఏం మిగులుతుంది? అందుకే చిన్న మొక్కల మీద నుంచి ఏరెయ్యాలనే నేనూ అంటాను. కానీ కాపుకొచ్చిన పెద్ద చెట్టుకి నాలుగు పురుగులు తింటే ఏమీ కాదు.

ఏరడం తేలిక. మొదట్లో అది పిట్ట రెట్టలా నలుపు, తెలుపుగా ఆకు మీద పడి ఉంటుంది, చాలామంది గుర్తుపట్టరు. పెద్దదయ్యాక ఆకుపచ్చ. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు చీలిన కొమ్ములు బయటికి పెట్టి ఘాటు వాసన వదులుతుంది. అది తప్ప దాని దగ్గర ఆయుధం లేదు, కుట్టదు, కరవదు. ఏరినవాటిని చంపకుండా గట్టు మీది మారేడు చెట్టు మీదో, వెలగ చెట్టు మీదో వదిలెయ్యండి. అవీ దానికి తిండే. మా ఇంట్లో కరివేపాకు చెట్టు ఒకటి వాటికోసమే వదిలేశాం, రెండోది మా పోపుకి.

పూత మీదున్న తోటకి మందు కొడితే మాత్రం మీకే నష్టం. పురుగుతో పాటు పూల మీద తిరిగే ఈగలన్నీ పోతాయి.

నిమ్మతోట_గూడూరు
ఆగస్టు 25, ఉదయం 6:30

వెలగ చెట్టు మా గట్టు మీద ఉంది. ఏరి దాని మీద వేసి చూస్తాను. నర్సరీకి దోమతెర కూడా కట్టిస్తున్నా, లెక్క చూస్తే మందు ఖర్చు కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు.

గెలల_తోట (పెదవేగి)
ఆగస్టు 25, మధ్యాహ్నం 12:10

చర్చ బాగుందండి. మా ఆయిల్ పామ్ సంగతి కూడా చెప్పనివ్వండి. మా పంట మొత్తం ఒక చిన్న ముక్కు పురుగు మీద నిలబడి ఉందంటే బయటవాళ్లు నమ్మరు.

ఈ చెట్టు ఆఫ్రికాది. మలేషియాలో పెద్ద ఎత్తున వేసినప్పుడు చెట్లు బాగా పెరిగాయి కానీ గెలల్లో కాయ సరిగ్గా నిండేది కాదు. కూలీలు ఒక్కో పూగుత్తి మీద చేత్తో పుప్పొడి చల్లేవారు. చెట్టు వచ్చింది కానీ దాని పురుగు రాలేదని అప్పుడు తెలిసింది. 1981లో కామెరూన్ నుంచి ముక్కు పురుగుని తెచ్చి వదిలారు, గెలలు నిండాయి. మన దేశానికి 1985లో కేరళకి తెచ్చారు, తర్వాత మా గోదావరి జిల్లాల తోటలకీ వచ్చింది.

మగ పూగుత్తి పూసిన రోజు తోటలోకి అడుగుపెడితే సోంపు వాసన గుప్పుమంటుంది. దగ్గరికెళ్తే నువ్వుగింజ కన్నా కొంచెం పెద్ద పురుగులు వేలల్లో మగ గుత్తి మీద పాకుతుంటాయి. అవి తినేది అక్కడే, గుడ్లు పెట్టేదీ అక్కడే. ఆడ గుత్తి సిద్ధమైన రోజు అది కూడా ఇంచుమించు అదే వాసన విడుస్తుంది. పురుగు మోసపోయి అక్కడికీ వెళ్తుంది, తిండి దొరక్క తిరిగి వచ్చేస్తుంది. ఆ వెళ్లి రావడంలోనే పుప్పొడి రాలిపోతుంది. మా గెల బరువంతా ఆ పొరపాటులోంచి వచ్చినదేనండి.

అందుకే ఎండిపోయిన మగ గుత్తుల్ని నేను నరికించను. శుభ్రంగా ఉండాలని తోటలన్నీ చెక్కేసేవాళ్లుంటారు. ఆ ఎండిన గుత్తిలోనే దాని పిల్లలుంటాయి.

టెక్సాస్_తెలుగు
ఆగస్టు 25, రాత్రి 11:30

గద్వాల చెల్లెమ్మ పత్తి గురించి రాసింది చదివి ఇది రాస్తున్నా. ఇక్కడ దక్షిణ టెక్సాస్ పత్తి చేలల్లో చేసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. పత్తికి తేనెటీగలే అనుకునేవాళ్లు. లెక్కేస్తే సీతాకోకచిలుకలు, మామూలు ఈగలు కూడా ఏటా సుమారు 12 కోట్ల డాలర్ల విలువైన పని చేస్తున్నాయని తేలింది. తేనెటీగలు వెళ్లని చోట్లకి, వేరే వేళల్లో ఇవి వెళ్తున్నాయట. కాబట్టి కావ్య చూసిన చార్టు తప్పేమీ కాదు.

మా పెరట్లో నేను కూడా సొర పాదు పెట్టాను. విత్తనం అమ్మ పంపింది. రాత్రి టార్చి పట్టుకుని తిరిగి చేత్తోనే అద్దుతున్నాను. ఇక మీదట పెరటి లైటు ఆపి చూస్తాను.

బతుకమ్మ_టీచర్ (సిద్దిపేట)
ఆగస్టు 26, ఉదయం 9:00

మా పిల్లలకి ఈ వారం ఇదే పాఠం చెప్పిన. బతుకమ్మకి తంగేడు, గునుగు కావాలి. ఐదేళ్లకోసారి మేము ఇంకా ఒక కిలోమీటరు ఎక్కువ దూరం పోయి తెచ్చుకుంటున్నం. ఎందుకని పిల్లలు అడిగిన్రు.

తంగేడు పువ్వు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి చూపించిన. ఆ పువ్వుల తేనె ఉండదు, పుప్పొడి ఉంటది. అది కూడా ఊరికే రాలదు, కేసరం కొనకి చిన్న రంధ్రం ఉంటది, ఉప్పు డబ్బా లాగ. నల్ల తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని వణికిస్తది. పుప్పొడి చిమ్మినట్టు బయటికి వస్తది. ఆ చప్పుడు పువ్వు మీద లేనప్పటి చప్పుడు కన్న సన్నగా, గట్టిగా ఉంటది. కళ్లు మూసుకుని కూడా ఎప్పుడు పని చేస్తున్నదో చెప్పొచ్చు. మా నాలుగో తరగతి పిల్లలు పది నిమిషాల్ల నేర్చుకున్నరు. వంకాయ, టమాట పూలకి కూడా ఇదే ఝుమ్మనే పని బాగా పనికొస్తది.

ఆ తుమ్మెద ఎండిన కట్టెల తొలిచి గూడు పెట్టుకుంటది. మా ఊరిల పాత పందిరి కర్రలు, ఎండిన కొమ్మలు అన్నీ పొయ్యిలకి పోతున్నయి. చేన్లల్ల గునుగు కలుపు మందుకి పోయింది. పండుగ నాడు పువ్వులు కొనుక్కోవాల్సి వస్తున్నదంటే మా అమ్మకి కళ్లల్ల నీళ్లొస్తయి.

నంద్యాల_రైతు
ఆగస్టు 26, మధ్యాహ్నం 1:40

టీచరమ్మా, మా గట్ల మీద కూడా ఒకప్పుడు తంగేడు ఉండేది. గట్టు సన్నం చేసి రెండు సాళ్లు ఎక్కువ వేసుకుందామని నేనే కొట్టించా. ఈ వానలకి మళ్లీ చిగురు వస్తోంది. ఈసారి ముట్టను.

వలిసెపూలు (అరకు)
ఆగస్టు 26, సాయంత్రం 5:25

మా దగ్గర నవంబరు వస్తే కొండలన్నీ పసుపుపచ్చగా పూస్తాయి, ఫోటోల కోసం బస్సుల్లో వస్తారు. అది వలిసె చేను. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్కది కావాలి. పుట్ట తేనెటీగలు చుట్టూ అడవిలో ఉన్నన్నాళ్లే మాకు నూనె గింజ. ఫోటోకి దిగేవాళ్లు చేలో నడిచి మొక్కలు తొక్కుతారు, దయచేసి గట్టు మీదే నిలబడండి.

మునగాకు (కాకినాడ)
ఆగస్టు 26, రాత్రి 8:10

మాస్టారూ, మునగకి కూడా తుమ్మెదేనా? మా చెట్టు నిండా పూత, కాయలు మాత్రం గుప్పెడు.

బోటనీ_మాస్టారు
ఆగస్టు 27, ఉదయం 7:35

మునగకి నల్ల తుమ్మెద చాలా ముఖ్యం. మా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మునగ మీద దశాబ్దాల కిందటే దీన్ని పరిశీలించారు. చిన్న ఈగలు వచ్చి తేనె తాగి పోతాయి కానీ కేసరాలకి తగలవు. తుమ్మెద ఒళ్లు పెద్దది, పువ్వులో సరిగ్గా అమరి వీపుకి పుప్పొడి అంటించుకుంటుంది. వైజాగ్‌లో ఈ శాస్త్రం మీద పనిచేసినవాళ్లే శేషాచలం వైపు ఎర్రచందనాన్ని కూడా చూశారు. అంత విలువైన చెట్టుకి విత్తనం కట్టించేది కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగ. ఎర్రచందనం దొంగల గురించి పేపర్లో వస్తుంది, తేనె కోసం పట్టుకి నిప్పు పెట్టి ఈగలన్నిటినీ కాల్చేసేవాళ్ల గురించి రాదు.

2016లో ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ముఖ్యమైన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత ఈ పుప్పొడి మోసే జీవుల మీద ఆధారపడ్డవే. అడవి పూల మొక్కల్లో దాదాపు 90 శాతం. వరి, జొన్న, మొక్కజొన్నకి వీటి అవసరం లేదు, కాబట్టి అన్నానికి లోటు రాకపోవచ్చు. లోటు వచ్చేది కూరకి, పప్పుకి పోసే నూనెకి, పండుకి.

మేడిపండు విప్పితే పురుగులుంటాయని అందరం సామెతగా వాడతాం. ఆ పురుగుల మీద నాకు చాలా గౌరవం. మేడిపండు నిజానికి లోపలికి తిరిగిన పూల సంచి. పూలన్నీ లోపల ఉన్నాయి, బయటికి ఒకటే చిన్న ద్వారం. చాలా చిన్న ఆడ కందిరీగ ఒకటి రెక్కలు ఊడిపోయేలా ఆ ఇరుకులోంచి దూరి, తెచ్చిన పుప్పొడిని పూలకిచ్చి, గుడ్లు పెట్టి లోపలే చనిపోతుంది. దాని పిల్లలు కొత్త పుప్పొడితో బయటికొచ్చి ఇంకో మేడి చెట్టు వెతుక్కుంటాయి. అది లేకపోతే మేడి చెట్టుకి ఒక్క విత్తనం ఉండదు, ఆ పండు తిని బతికే పిట్టలకీ గబ్బిలాలకీ తిండి ఉండదు.

శ్రీను_కుండీలు
ఆగస్టు 27, ఉదయం 8:20

నేను మొదట్లో పండు ఈగ అన్నాను, తొందరపడ్డాను. నా కుండీల్లో దొండ పాదు ఎవరి సాయం లేకుండా కాస్తోంది, అందుకే ఈ వైపు ఆలోచన పోలేదు.

బోటనీ_మాస్టారు
ఆగస్టు 27, ఉదయం 8:55

మీ పొరపాటు కాదు శ్రీనూ. మనం ఇళ్లలో పెంచే దొండ పుప్పొడి లేకుండానే కాయ కాస్తుంది, కొమ్మ నాటి పెంచుకుంటాం. దాన్ని చూసి మిగతా పాదులూ అంతే అనుకోవడం సహజం.

మాధవి_మిద్దెతోట
సెప్టెంబరు 2, రాత్రి 9:05

అందరికీ చాలా థాంక్స్. 26 నుంచి లైటు ఆపేశాను. అపార్ట్‌మెంట్ వాళ్లకి నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది, మెట్ల దగ్గర చిన్న బల్బు ఒకటి ఉంచాం. ఆ రోజు నుంచి సాయంత్రం చేత్తో అద్దుతున్నాను. ఏడు ఆడ పూలకి చేశాను, ఆరు నిలబడ్డాయి. ఒకటి జానెడు దాటింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. ఈ రోజు ఏడింటికి పందిరి కింద కూర్చున్నాను. చెవి పక్కన ఫ్యాను తిరిగినట్టు గాలి తగిలింది. చూస్తే సొర పువ్వు ముందు గాల్లో నిలబడి ఉంది. రెక్కలు కనిపించడం లేదు, పొగలా ఉన్నాయి. తీగలాంటి నాలుక పువ్వులోకి దిగింది. మూడు పూలు తిరిగి, నా ముఖం ముందు నుంచే పక్క మిద్దె వైపు వెళ్లిపోయింది. చెయ్యి వణికి ఫోటో తీయలేకపోయాను. మా అబ్బాయిని పిలిచేలోపు లేదు.

కావ్య_డిగ్రీ
సెప్టెంబరు 2, రాత్రి 9:30

రాధామనోహరానికి దారం కట్టానండి. మూడు రోజులు, మూడు రంగులు. రెక్కల వెంట గారూ, నిజంగా మారింది!

మాధవి_మిద్దెతోట
సెప్టెంబరు 14, ఉదయం 6:50

మాస్టారూ, నందివర్ధనం మీద మళ్లీ ఆ పచ్చ పురుగు వచ్చింది. ఈసారి ముట్టుకోలేదు. ఎనిమిది రోజుల్లో రెండు కొమ్మలు తినేసింది. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి ఒంటి రంగు మట్టి రంగుకి తిరిగింది. తినడం మానేసి, కాండం వెంట దిగి, కుండీలో ఎండుటాకుల కిందకి వెళ్లిపోయింది. జబ్బు చేసిందా? ఏం చెయ్యాలి?

బోటనీ_మాస్టారు
సెప్టెంబరు 14, ఉదయం 7:25

జబ్బు కాదమ్మా, గూడు కట్టుకోవడానికి దిగింది. సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ కుండీలో ఆకులు ఊడవకండి, మట్టి గుల్ల చెయ్యకండి, నీళ్లు మొక్క మొదట్లో కాకుండా కుండీ అంచున కొద్దిగా పొయ్యండి.

మాధవి_మిద్దెతోట
సెప్టెంబరు 14, ఉదయం 7:40

కుండీకి ఎర్ర రిబ్బను కట్టాను. మా పనమ్మాయికి కూడా చెప్పాను, దాని చుట్టూ ఊడవొద్దని.